చదవకుండా వదిలేసిన వాక్యం

ఒకానొక రాజ్యంలో (పేరు చెబితే ఇప్పటికీ నొచ్చుకునేవాళ్ళున్నారు, మనకెందుకు!) వీరకేసరి అనే రాజుగారుండేవారు. ఆయనకు బిరుదులు పద్దెనిమిది, ఓపిక మాత్రం సున్నా. ఆయన కొలువులో బాచన అని ఒక మాటకారి. అడగడమే తడవు, జవాబు నాలుక చివర ఉండేది.

ఒకనాడు రాజుగారు ఏటి ఒడ్డున తమలపాకు తోట ఒకటి కొన్నారు, అది కొట్టించి వేసవి మేడ కట్టుకుందామని. అమ్మిన షావుకారు ఇచ్చిన తాటాకు పత్రం బాచన చదువుతున్నాడు. రాజుగారు ఆవలించారు. బాచనకూ ఆకలి దంచేస్తోంది, ఇంట్లో గుత్తివంకాయ కూర. చివరి వాక్యం మిగిలి ఉండగానే, "అంతా సవ్యంగానే ఉంది ప్రభూ!" అని పత్రం చుట్టేశాడు. రాజముద్ర పడిపోయింది.

ఆ వదిలేసిన వాక్యం ఇదీ: "తోటను కౌలుకు చేయుచున్న పైడన్నకు గడువు ఇంకను నాలుగేండ్లు ఉన్నందున, కొన్నవారు అంతవరకు అతనిని కదల్చరాదు."

మర్నాడు పొద్దున్నే పైడన్న బాచన గుమ్మంలో కూలబడ్డాడు.

"అయ్యగారూ, భటులు చెప్పుల కాళ్ళతో దిగారండీ! ఆకుతోటలోకి మా ఇంటల్లుడైనా చెప్పులు విడిచే వస్తాడు. తీగలు నరికేస్తున్నారు. నా కౌలు సంగతి పత్రంలో రాయించాను గదండీ, తమరు చదవలేదా?"

'ఛీ, వంకాయ కూర కోసం ఒక సంసారం ముంచానే!' అని బాచన తనను తానే తిట్టుకుంటూ కొలువుకు పరుగెత్తాడు. తప్పు ఒప్పుకున్నాడు, భటులను ఆపమని వేడుకున్నాడు.

రాజుగారు మీసం దువ్వారు. "ఓయ్ బాచనా, నేను కొన్నది తోటను. షావుకారు ఎవరికో ఇచ్చిన మాటను కూడా కొన్నానా? ఆయన మాట ఆయనతోనే పోయింది."

బాచన బయటికి వెళ్ళి, కాసేపటికి ఒక తాటాకు పట్టుకుని రొప్పుతూ వచ్చాడు.

"ప్రభూ, కొంప మునిగింది! పొరుగు రాజ్యం నుంచి లేఖ!"

మన రాజధానికి తాగే నీళ్ళు పొరుగు రాజ్యం కాలువ నుంచే వస్తాయి. ముప్పై ఏళ్ళు వదులుతానని అక్కడి ముసలి రాజు మాటిచ్చాడు. ఆయన పోయి, మేనల్లుడు గద్దెనెక్కి ఇంకా నెలైనా కాలేదు.

"'నాకు వచ్చినది రాజ్యము. మా మామగారి మాట ఆయనతోనే పోయినది. రేపు కాలువ పూడ్పించెదము'" అని చదివాడు బాచన.

రాజుగారు దిగ్గున లేచారు. తలపాగా జారింది. "ఎంత అన్యాయం! రాజ్యం తీసుకున్నవాడు దాని మీదున్న మాట కూడా తీసుకోవద్దూ?"

తన మాట తన చెవినే పడి రాజుగారు ఆగిపోయారు. చటుక్కున తాటాకు లాక్కుని చూస్తే, అందులో ఒక్క అక్షరం లేదు!

"నిన్న ఉన్నది చదవలేదు ప్రభూ, ఇవాళ లేనిది చదివాను" అన్నాడు బాచన తల వంచుకుని.

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. "భటులను వెనక్కి పిలవండి! నాలుగేళ్ళూ పైడన్న జోలికి ఎవరూ వెళ్ళొద్దు" అని, మెడలోని ముత్యాల హారం తీసి బాచన మెడలో వేశారు.

బాచన తిన్నగా తోటకు వెళ్ళి, చెప్పులు విడిచి లోపలికి నడిచాడు. అప్పటికే రెండు సాళ్ళు నేలకూలాయి. పైడన్న వాటి మధ్య కూర్చుని ఉన్నాడు.

"ఈ రెండూ మా ఇంటిది పోయే ముందు నాటిందండీ" అన్నాడు.

బాచన హారం తీసి అతని ముందు పెట్టాడు. పైడన్న దాన్ని ముట్టుకోలేదు.

"ఆ ఒక్క వాక్యం చదవడానికి ఎంతసేపు పట్టేదండీ?"

బాచన పంచె ఎగగట్టి, పైడన్న పక్కనే వంగి, కొత్త తీగ నాటడానికి మన్ను తవ్వసాగాడు.