కింది వాటావాళ్లు

సింహాద్రప్పడు మాస్టారిని ప్రశ్న అడగడమంటే కోరి కష్టం నెత్తికెత్తుకోవడమే. ఆయన జవాబు చెప్పరు, పని చెబుతారు. బొబ్బిలిలో ఆయన దగ్గర వాలీబాల్ నేర్చుకున్న మా అందరికీ ఈ సంగతి తెలుసు. తెలిసీ అడిగినవాడు గౌరునాయుడు.

వాడికి మాత్రం గత్యంతరం ఏముంది? జిల్లా జట్టు ఎంపికకి పన్నెండు రోజులే ఉంది. కుడి మోకాలి చిప్ప కింద నొప్పి, కూర్చుని లేస్తే ప్రాణం పోతోంది. ఎముక బాగానే ఉంది గానీ ఇదే వరస అయితే ఈ ఏడాది ఆట మానుకోవాల్సిందేనని డాక్టరు చెప్పేశాడు. "మాస్టారూ, నా అంత ఎత్తు ఎగిరేవాడు జిల్లాలోనే లేడు కదా. ఇంతమందిలో నాకే ఎందుకీ ఖర్మ?" అని అడిగాడు.

మాస్టారు తల పట్టుకున్నారు. ఎంతసేపూ ఎత్తు, ఎత్తు, ఎత్తు. రెండేళ్లుగా వాడి నోట ఇంకో మాట వినలేదు, మాకే విసుగు పుట్టేది. ఆయన గోడ మీద సుద్దముక్కతో ఒక గీత గీసి, "ఒక్కసారి ఎగిరి ముట్టుకో" అన్నారు.

మా వ్యాయామశాల ఒక పాత మేడ మీద ఉండేది. నేలంతా చెక్క. గౌరునాయుడు గీతకి జానెడు పైనే ముట్టుకుని, మడమల మీద కర్రలా నిటారుగా దిగాడు. కిటికీ రెక్కలు అదిరాయి. అర నిమిషంలో కింది వాటాలో ఉండే సన్యాసమ్మ, గుక్కపట్టి ఏడుస్తున్న మనవణ్ణి భుజాన వేసుకుని పైకొచ్చింది.

"ఏటి మాస్టారూ ఇది! నెల్నాళ్ల పసిగుడ్డు, ఇప్పుడే కునుకు పట్టింది. మీవోళ్లు ఎగుర్తన్నారా, మేడ కూలగొడతన్నారా?"

మాస్టారు చేతులు జోడించి ఆవిడని పంపేశారు. కింద ఏడుపు ఆగేదాకా కదలకుండా కూర్చుని, ఆ తర్వాత వీడివైపు తిరిగారు. "మళ్లీ ముట్టుకో. ఆవిడ పైకి రాకూడదు."

రెండోసారి వాడు భయపడి సగమే ఎగిరాడు. "గీత ముట్టుకోమన్నాను, దానికి దణ్ణం పెట్టమనలేదు" అని మాస్టారు కసిరారు.

మూడోసారి మొహం గంటు పెట్టుకుని ఎగిరాడు. గీత అందింది. దిగేటప్పుడు మాత్రం పసివాడు గుర్తొచ్చి ఉంటాడు, మునివేళ్లు ముందు ఆనించి, మోకాళ్లూ తుంట్లూ వంచి, పీట మీద కూర్చోబోతున్నవాడిలా కిందికి జారాడు. మేమంతా మెట్లవైపు చూశాం. ఎవరూ రాలేదు.

గౌరునాయుడు మోకాలు తడుముకున్నాడు. నొప్పి పోలేదు గానీ ఇందాకటిలా పొడవలేదట. అంతటితో ఊరుకుంటే బాగుండేది. వాడు ఊరుకుంటాడా!

"పసివాడి కోసం ఇక్కడంటే సరే మాస్టారూ. మైదానంలో కూడా ఇలాగే దిగాలంటే ఎలా? అక్కడ కింద ఎవరుంటారని?"

 మాస్టారి చేతిలో సుద్దముక్క విరిగింది.

"సన్యాసమ్మకి మెట్లున్నాయి, ఎక్కొచ్చి మొహం మీద అడిగింది. నీ మోకాలు ఎక్కడికెళ్లి చెప్పుకుంటుందిరా?"