భళాకేశవస్వామి తలుపు తీసిన కథ

పూర్వం పెన్నానది దక్షిణతీరాన, ఒక కొండపై వెలసిన చెన్నకేశవస్వామిని సింగరాచార్యులనే అర్చకోత్తముడు సేవించేవాడు. ఆయన ఆచారనిష్ఠాగరిష్ఠుడు, గంభీరకంఠుడు. ఆ కంఠం వినడానికే స్వామి వైకుంఠం విడిచి ఈ ఎండకొండకు విచ్చేశాడని ఆయన దృఢవిశ్వాసం. కనుక, ప్రతి ఉదయం మండపంలో కూర్చుని ముత్యాలప్ప వాయించే సన్నాయి ఆయన చెవులకు మంత్రాల నడుమ దూరిన ఈగలా తోచేది.

ఒక కల్యాణోత్సవ ప్రాతఃకాలాన, పల్లకి సిద్ధమై భక్తజనం కిక్కిరిసి ఉండగా, ఆచార్యులు “ఈ పూట నీ ఊదుడు ఆపు ముత్యాలూ, స్వామి నా మంత్రాలు నిమ్మళంగా వినాల” అని ఆజ్ఞాపించాడు. ముత్యాలప్ప సన్నాయిని గుడ్డలో చుట్టుకుని, కొండ దిగి, గేదెను మేపుకోబోయాడు.

అంతట తాళం తిరిగింది, గడియ జారింది, గర్భాలయపు తలుపు మాత్రం కదలలేదు. ఆచార్యులు గొంతు హెచ్చించాడు. పల్లకి మోసే బోయీలు భుజాలానించి తోశారు. ముహూర్తం ముంచుకొస్తుండగా లోపలినుంచి నిద్రమత్తుతో దివ్యవాణి వినవచ్చింది: “సన్నాయి వినపడందే తెల్లారిందని నేనెట్లా నమ్మేది ఆచార్లూ?”

ఆచార్యులు రొప్పుతూ కొండ దిగి ముత్యాలప్పను పిలిచాడు. “వస్తా సామీ. మీకు నచ్చదేమోనని ఇన్నేండ్లూ బెదురుతానే వాయిస్తాండా” అన్నాడతడు.

ముత్యాలప్ప కొండెక్కి మండపంలో కూర్చుని భూపాలరాగం ఎత్తుకున్నాడు. “నాకు బాగుంది. నీకెట్లా ఉంది ఆచార్లూ?” అన్నాడు స్వామి.

జన్మలో ఒక్కరినీ మెచ్చుకోని ఆ నోరు కష్టంమీద “ఫరవాలేదు” అంది. తలుపు వెంట్రుకవాసి సందిచ్చి ఆగింది. “బాగానే ఉంది” అన్నాడు. పిల్లి దూరేంత తెరుచుకుంది. “ఇంకో మాట అనండి సామీ, పల్లకి పట్టాల!” అని బోయీలు మొత్తుకున్నారు.

ఆచార్యులు గత్యంతరం లేక తలుపునానుకుని, కళ్లుమూసి, మొట్టమొదటిసారి ఆ నాదాన్ని ఆలకించాడు. కాసేపటికి ఆయన చెంపలు తడిశాయి. “భళా ముత్యాలప్పా! భళా!” అని కేక పుట్టింది. తలుపులు రెండూ భళ్లున తెరుచుకోగా ఆచార్యులు వెళ్లి స్వామి పాదాలమీద బోర్లా పడ్డాడు. విస్మయంతో ముత్యాలప్ప శ్రుతి తప్పాడు.

నాటినుండి స్వామి భళాకేశవుడైనాడు, ఆ క్షేత్రం భళాకొండ అయింది. నేటికీ అక్కడి అర్చకులు మేళంవారివైపు తిరిగి “భళా” అన్న తరువాతే తలుపు తీస్తారు. మాట మనసులోనుంచి రాని రోజున తలుపు కిర్రుమంటుందట. అందుకే ఆ క్షణంలో భక్తులందరూ స్వామిని మరచి, చెవులు రిక్కించి, అర్చకుని ముఖమే చూస్తుంటారు.