కోరయ్య గోతి పట్టా

కొర్రగుట్ట అడవిలో ఎలుగుబంట్లు, దుప్పులు, కోతులు, నక్కలు, అడవిపందులు, ముళ్లపందులు ఎవరి బతుకు వారు బతికేవారు. ఆ అడవి నడుమ సన్నవాగు పారేది. ఒక వేసవిలో నీళ్లు తాగబోయిన దుప్పికి ఇసుకలో పచ్చగా ఏదో మెరిసింది. "బంగారం!" అని కేక పెట్టింది. వారం తిరిగేసరికి అడవంతా వాగు ఒడ్డుకు దిగిపోయింది.

బంగారాన్ని తినాలా, కప్పుకోవాలా అన్నది ఒక్కరికీ తెలియదు. నలుగురితో పాటు నారాయణ అని ప్రతివాడూ గొయ్యి తవ్వాడు. చూస్తుండగానే అక్కడ ఒక పేట లేచింది. దానికి మెరుగుపేట అని పేరు పెట్టుకున్నారు. ఎలుగుబంటి ఇప్పపూలు వండి పూటకూళ్లిల్లు నడిపింది. పావురాలు టపా మోశాయి. కోతి మంగలి కొట్టు పెట్టింది. తొందరలో ఒకరిద్దరి తోకలు కూడా కత్తిరించింది కానీ, అడిగే తీరిక ఎవరికుంది? పెద్ద బండ కింద కొంగ గుమాస్తా కచేరీ తెరిచి, మోదుగాకుల మీద ముక్కుతో పొడిచి గోతులకు పట్టాలు ఇచ్చేవాడు.

ఆ పేటకు కోరయ్య అనే అడవిపంది కూడా వచ్చాడు. అతని కోరలంటే అడవిలో అందరికీ భయమే, కానీ మర్యాద మాత్రం లేదు. "ఒరే కోరా" అనే పిలిచేవారు. బంగారం దొరికితే "కోరయ్యగారూ" అంటారని అతని ఆశ. ఆ ఆశతో కోరలతో కుమ్మి కుమ్మి అందరికన్నా లోతైన గొయ్యి తవ్వాడు. మట్టితో పాటు అడవిదుంపలు కూడా పైకి వచ్చేవి. కోరయ్య వాటిని విసుగ్గా గట్టు మీదికి విసిరేసేవాడు.

పక్క గోతిలో సూదమ్మ అనే ముళ్లపంది ఉండేది. "అన్నా, ఈ దుంపలు నేను తీసుకోనా?" అని అడిగింది.

"తీసుకోవమ్మా చెల్లీ, నాకు చెత్త తగ్గుతుంది" అని నవ్వాడు కోరయ్య.

మెరుగుపేటలో ఒక కట్టుబాటు ఉంది. గోతిలో పనిముట్టు ఉన్నంతవరకు ఆ గొయ్యి తవ్వినవాడిదే. పనిముట్టు లేని గోతిలోకి ఎవరు ముందు దూకితే వారిది. ఎలుగు తన తవ్వుకర్రను, కోతి తన చెక్కురాయిని గోతిలో పడేసి హాయిగా భోజనానికి వెళ్లేవారు. కోరయ్యకు ఆ వీలు లేదు. అతని పనిముట్టు అతని మొహానే ఉంది. అతను గొయ్యి దిగితే అదీ దిగుతుంది, అతను ఎక్కితే అదీ ఎక్కుతుంది.

దాంతో కోరయ్య గోతిలోనే ఉండిపోయాడు. లోతుకు పోయేసరికి దుంపలు రావడం కూడా ఆగిపోయింది. మూడు రోజులు తిండి లేదు. నక్క మాత్రం రోజూ వచ్చి గట్టు మీద కూర్చునేది.

"మామా, ఆకలి వేయడం లేదా? కాసేపు అలా తిరిగి రారాదూ?" అనేది.

"నేను కదిలితే నువ్వు దూకుదామని కదూ!" అని కోరయ్య గుర్రుమనేవాడు.

గొయ్యి పోకుండా బయటికి వెళ్లేదెలా అని దారిన పోయేవారినల్లా అతను గోతిలోంచి కేకేసి అడిగాడు. "నీ వాసన ఉంటే చాలురా, వెళ్లి తినిరా" అంది కోతి. "వాసన పనిముట్టు ఎలా అవుతుంది? కదిలావో గొయ్యి గోవిందా" అంది ఎలుగు. పట్టా ఉంటే ఏ బాధా ఉండదంది దుప్పి. పట్టా పంపమని కోరయ్య పావురంతో కబురు పెట్టాడు. పావురం జవాబు తెచ్చింది: "పట్టాకు స్వయంగా రావాలి. వచ్చేటప్పుడు పనిముట్టు గోతిలోనే ఉండాలి."

కోరయ్య తల గిర్రున తిరిగింది. "నేను వెళ్లాలి. నా కోరలు వెళ్లకూడదు. మరి నేనంటే ఎవరు? నా కోరలంటే ఎవరు?" అని గొణుక్కున్నాడు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అంటారు. మన కోరయ్యకు చుట్టూ గొయ్యే.

సూదమ్మ గట్టు మీద నిలబడి ఇదంతా వింది.

"అన్నా, నా గోళ్లు కూడా నా కాళ్లకే ఉన్నాయి. నేనూ కచేరీకి కబురు పంపాను, ఇదే జవాబు వచ్చింది. ఎంత ఆలోచించినా నాకు అంతు చిక్కలేదు. అందుకే గొయ్యి వదిలేశాను" అంది.

"వదిలేశావా! ఎవరో దూకుతారు కదా?"

"దూకనీ. వానలు వచ్చేలోగా దుంపలు దాచుకుంటున్నాను. నువ్వూ పైకి రా, నాలుగు తిను. నీ కోరలు చల్లగా ఉంటే గోతులకేం కొదవ?"

"నా చెమటంతా ఇక్కడే పోశానమ్మా" అన్నాడు కోరయ్య. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆమె వెళ్లగానే నక్క మెల్లగా అంది. "మామా, ఇంత చిన్న సంగతికి ఏడుస్తావేం? కోరను గోతిలో పెట్టి, నువ్వు కచేరీకి వెళ్లు."

ఆకలితో, అయోమయంతో ఉన్న కోరయ్యకు ఆ మాట మహా తెలివైనదిగా తోచింది. గోతిలోని బండకేసి ఒక కోరను బలంగా కొట్టాడు. ప్రాణం పోయినంత పనైంది. విరిగిన కోరను అక్కడే పెట్టి కచేరీకి పరుగెత్తాడు.

కొంగ గుమాస్తా ఒంటికాలి మీద నిలబడి అతన్ని ఎగాదిగా చూశాడు. "రెండో కోర నీ మొహానే ఉందే! సగం పనిముట్టు బయట ఉంది. సగం గోతికే పట్టా ఇస్తాను. ఏ సగమో చెప్పు" అన్నాడు.

పై సగమా, కింది సగమా? కోరయ్యకు ఏమీ తోచలేదు. తిరిగి పరుగెత్తి రెండో కోర కూడా విరగ్గొట్టుకున్నాడు. అప్పుడు గుమాస్తా మోదుగాకు మీద టకటకా పొడిచి, "తీసుకోండి, కోరయ్యగారూ" అన్నాడు. పేటలో అతనికి దక్కిన మొదటి గారు అదే.

కోరయ్య పట్టాను పళ్ల మధ్య పట్టుకుని గోతికి వచ్చాడు. దిగి, మట్టిని ఒక్క కుమ్ము కుమ్మాడు. చిగుళ్లకు రాయి తగిలి నెత్తురు వచ్చింది. మళ్లీ కుమ్మాడు. మట్టి కదల్లేదు. పక్కనే పడి ఉన్న కోరలను గిట్టలతో పట్టుకోబోతే అవి జారి పడ్డాయి. అవి అక్కడ ఎందుకు ఉన్నాయో, తన మొహాన ఎందుకు లేవో అతనికి కాసేపు నిజంగానే అర్థం కాలేదు. అర్థమయ్యాక గోతిలోనే కూలబడ్డాడు.

అంతలో పైన గోల మొదలైంది. నల్లకొండ అవతలి వాగులో ఇంతకన్నా ఎక్కువ బంగారం ఉందట! ఎలుగు కుండలు సర్దింది. కోతి కొట్టు కట్టేసింది. గుమాస్తా ఎగిరిపోయాడు. నక్క కోరయ్య గొయ్యి వంక కూడా చూడకుండా పరుగు తీసింది. పొద్దు వాలకముందే మెరుగుపేట ఖాళీ అయింది. తొలి వాన చినుకులు పడ్డాయి.

బొరియ నిండా దుంపలు దాచుకున్న సూదమ్మ ఎక్కడికీ వెళ్లలేదు. రెండు దుంపలు తెచ్చి కోరయ్య ముందు పెట్టింది. అతను వాటిని ముట్టుకోలేదు.

"చెల్లీ, పట్టా వచ్చింది. ఇక నా గోతిలోకి ఎవరూ దూకరు కదా?" అని అడిగాడు.

"ఎవరూ దూకరన్నా" అంది సూదమ్మ. "నువ్వు కూడా పైకి వచ్చెయ్యి. నీళ్లు నిండుతున్నాయి."

నీతి: చేతిలో ఉన్న సత్తువను పోగొట్టుకుని సంపాదించిన హక్కు ఎవరి ఆకలీ తీర్చదు. ఏమీ తోచనప్పుడు తిరిగి సరిదిద్దుకోలేని పని చేయకూడదు.