అరచేతి వాసన

ఒకప్పుడు కుక్కలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉండేవి. అన్నీ బూడిదరంగే. అన్నీ మోకాలెత్తే. ఒక చెవి నిక్కి, ఒక చెవి వాలి ఉండేది. పొట్టి కుక్క లేదు, పొడుగు కుక్క లేదు, మెడ నిండా జూలున్న కుక్క లేదు. పక్కపక్కన నిలబెడితే ఏది ఏదో మనుషులకు తెలిసేది కాదు.

అప్పట్లో కుక్కలు మనుషుల దగ్గర ఉండేవి కావు. గుట్ట మీద రాతి సందుల్లో ఉండేవి. మనుషులు గుట్ట కింద గుడిసెలు వేసుకుని ఉండేవాళ్లు.

ఆ గుట్ట మీద తంగేడి అని ఒక తల్లికుక్క ఉండేది. తంగేడు పొదలో పుట్టింది కాబట్టి దానికా పేరు. దానికి మూడు పిల్లలు. పెద్దోడు, నడిపోడు, చిన్నది.

పెద్దోడికి భయం తెలీదు. తేలు కనబడితే కాలితో కదిపి చూసేవాడు. నడిపోడు ఎండుటాకు కదిలినా అమ్మ పొట్ట కిందికి దూరేవాడు. చిన్నది మాత్రం ఎక్కువ మాట్లాడేది కాదు. ఎక్కడ కూర్చోబెడితే అక్కడ కూర్చుని అందరి ముఖాలూ చూస్తూ ఉండేది.

ఆ ఏడు వానలు పడలేదు. వాగు ఎండిపోయింది. కుందేళ్లు ఎటో వెళ్లిపోయాయి. తంగేడికి తిండి లేదు, పిల్లలకు పాలు లేవు. పిల్లలు చప్పరించి చప్పరించి ఏడ్చేవి.

ఒకరోజు అవతలి గుట్ట నుంచి తోడేలు వచ్చింది. దాని డొక్కలు కూడా లోపలికి పోయి ఉన్నాయి.

"తంగేడీ, మూడిటిని ఎలా సాకుతావు?" అంది తోడేలు.

"నా తిప్పలు నేను పడతాను. నువ్వు వెళ్లు," అంది తంగేడి.

"వెళతాను. కానీ మళ్లీ వస్తాను. నువ్వు నీళ్ల కోసం వెళ్లకుండా ఉండలేవు కదా!" అని తోడేలు నాలుకతో మూతి తుడుచుకుని వెళ్లిపోయింది.

ఇక తంగేడికి నిద్ర లేదు. నీళ్లకు వెళితే పిల్లల దగ్గర ఎవరున్నారని గుండె దడ. నీళ్లు తాగుతూనే నాలుగుసార్లు వెనక్కి చూసేది. సగం దాహంతోనే పరిగెత్తుకొచ్చేది. వచ్చి ముగ్గురినీ వాసన చూసేది. ఉన్నారు. హమ్మయ్య. మళ్లీ దడ.

చివరికి అది ఒక నిర్ణయానికి వచ్చింది. "మనుషుల దగ్గర మంట ఉంది, తలుపు ఉంది. పిల్లల్ని వాళ్లకు అప్పగిస్తాను."

మర్నాడు పొద్దున్నే ముగ్గురినీ వెంటబెట్టుకుని గుట్ట దిగింది.

మొదట గొర్రెల కాపరి బీరయ్య కనిపించాడు. మంద పక్కన కర్ర ఆనుకుని నిలబడ్డాడు.

"అయ్యా, నా పిల్లల్లో ఒకణ్ణి పెంచుకుంటావా? ఎలాంటివాడు కావాలి?" అని అడిగింది తంగేడి.

బీరయ్య మీసం దువ్వి, "తోడేళ్లంటే నాకు లెక్కా? ఈ కర్ర చాలు. నాకు కాపలా కుక్క అక్కర్లేదు. ఊరికే కాళ్ల దగ్గర పడుకునే మెత్తనివాడు ఉంటే ఇవ్వు," అన్నాడు.

తంగేడి నడిపోణ్ణి ముందుకు తోసింది. వాడు వణుకుతూ బీరయ్య కంబళి కిందికి దూరాడు.

తర్వాతి గుడిసె నాగులవ్వది. ఆమె ముసలావిడ, ఒక్కతే ఉంటుంది. గుడిసెలో ఒక కుండ, ఒక చాప తప్ప ఏమీ లేవు.

"అవ్వా, నీకెలాంటివాడు కావాలి?"

"దొంగలొస్తారే తల్లీ! ఒంటరి ముసలిదాన్ని. వచ్చినవాణ్ణి ఈడ్చి పడేసే మొనగాడు కావాలి నాకు," అంది నాగులవ్వ.

తంగేడి పెద్దోణ్ణి ఇచ్చింది.

ఇక చిన్నది మిగిలింది. చివరి గుడిసె ఓదెమ్మది. ఆమె తల్లినీ పిల్లనీ చూసి, "వద్దు. నాకు ఏ కుక్కా వద్దు," అని తలుపు మూసేసింది. కిందటేడు వాగు పొంగినప్పుడు ఆమె పెనిమిటి నీళ్లలో కొట్టుకుపోయాడు. అప్పటినుంచి ఆమె ఎవరితోనూ కలవడం లేదని నాగులవ్వ చెప్పింది.

తంగేడి చిన్నదాన్ని నోట కరుచుకుని గుట్టెక్కింది. ఇద్దరైనా చెరో ఇంట పడ్డారనుకుంది. కానీ దడ తగ్గలేదు. తిన్నారో లేదో, ఏడుస్తున్నారో ఏమో!

ఆ సాయంత్రం గాలి గుట్ట మీదికి రొప్పుతూ వచ్చింది.

"తంగేడీ! తంగేడీ! నీ నడిపోడి ఏడుపు విన్నాను. వాగు ఇసుకలో ఒంటరిగా ఉన్నాడు. తోడేలు వాసన కూడా అటే వెళుతోంది!"

తంగేడి చిన్నదాన్ని రాతి సందులో దాచి ఒక్క ఉరుకు ఉరికింది. ముళ్లు గుచ్చుకున్నాయి, రాళ్లు కోసుకున్నాయి. ఆగలేదు. వాగు దగ్గర నడిపోడు ఒక బండ కింద ముడుచుకుని ఉన్నాడు. బండకు అవతల తోడేలు ఇసుక గీకుతోంది.

తంగేడి అరిచిన అరుపుకు తోడేలు అదిరిపడింది. తంగేడి మెడ మీది వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. పాలు లేని ఆ బక్క కుక్క కళ్లలో ఏం చూసిందో, తోడేలు వెనక్కి తిరిగి పారిపోయింది.

"ఏమైందిరా నాన్నా?"

"తోడేలు మందలోకి వచ్చిందమ్మా. నేను గొర్రె కింద దాక్కున్నాను. రెండు గొర్రెపిల్లలు పోయాయి. బీరయ్యకు కోపమొచ్చి నన్ను తరిమేశాడు," అని వెక్కాడు నడిపోడు.

అంతలో గాలి మళ్లీ వచ్చింది. "పెద్దోడి సంగతి విను. ఆడుకుంటూ నాగులవ్వ మీదికి దూకాడట. అవ్వ కింద పడింది, నడుం పట్టేసింది. అవ్వ పొమ్మంటే వాడు పోయేచోటు లేక బీరయ్య మంద చుట్టూ తిరుగుతూ తోడేలు అడుగుల్ని చూసి గుర్రుమంటున్నాడు."

తంగేడి కూలబడింది. "వాళ్లు అడిగినట్టే ఇచ్చాను కదా! నేనేం తప్పు చేశాను?"

గాలి దాని పక్కన కాస్త నెమ్మదించింది. "నువ్వు మాటలు విన్నావు. నేను రోజూ వాళ్ల గుడిసెల్లోంచి వస్తాను. వాళ్ల చేతుల వాసన వేరేగా ఉంటుంది. నీకు అంత మంచి ముక్కు ఉంది కదా, ఒకసారి చూడరాదూ!"

తంగేడి నడిపోణ్ణి నోట కరుచుకుని బీరయ్య దగ్గరికి వెళ్లింది. తిడతాడేమో, కర్ర ఎత్తుతాడేమో అని కాస్త దూరంలోనే ఆగింది. అయినా దగ్గరికి వెళ్లి, మెల్లగా అతని అరచేతికి ముక్కు ఆనించింది.

చేతి నిండా చెమట. కర్రను గట్టిగా పట్టుకుని పట్టుకుని పట్టిన చెమట. తోడేలు పేరు చెబితేనే కారే చెమట. తంగేడికి ఆ వాసన బాగా తెలుసు. తన ఒంటి నుంచీ రోజూ వచ్చే వాసనే అది.

"అయ్యా, నీకూ నాలాగే భయంగా ఉంది కదా?" అంది మెల్లగా.

బీరయ్య చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. "కన్ను మూస్తే తోడేలే కనిపిస్తోంది తంగేడీ. ఎవరితో చెప్పుకోను? నవ్వుతారు," అన్నాడు.

"అయితే నీకు పెద్దోడు కావాలి," అంది తంగేడి. మంద చుట్టూ తిరుగుతున్న పెద్దోణ్ణి పిలిచి అతని పక్కన నిలబెట్టింది.

అక్కణ్ణుంచి నాగులవ్వ గుడిసెకు వెళ్లింది. అవ్వ చాప మీద మూలుగుతోంది. తంగేడి ఆమె అరచేతిని వాసన చూసింది. దొంగల భయం అసలు లేనే లేదు. చల్లారిపోయిన పొయ్యి వాసన, రోజంతా ఎవరితోనూ మాట్లాడని నోటి మీద పెట్టుకున్న చేతి వాసన ఉన్నాయి.

"అవ్వా, నిజం చెప్పు. దేనికి భయం నీకు?"

నాగులవ్వ చాప అంచు సరిచేసుకుంది. తర్వాత, "పొద్దున నేను లేవకపోతే ఎవరికి తెలుస్తుందే?" అంది.

తంగేడి నడిపోణ్ణి ఆమె చాప మీదికి దింపింది. వాడు వణుకుతూ అవ్వ చంకలోకి దూరాడు. అవ్వ దగ్గితే చెవులు నిక్కించాడు. మూలిగితే ముఖం నాకాడు. ఊపిరి కాస్త ఆగితే చాలు, గుడిసె ఎగిరిపోయేలా కుయ్ కుయ్ మన్నాడు. అవ్వ ఎన్నాళ్లకో నవ్వింది. "ఉన్నానురా, ఉన్నాను, అరవకు!"

ఇక చిన్నది. తంగేడి గుట్ట మీంచి దాన్ని తీసుకొచ్చి ఓదెమ్మ గుడిసెకు వెళ్లింది. ఓదెమ్మ తలుపు తీసింది గానీ చెయ్యి చాపలేదు. పిడికిలి బిగించి కొంగులో దాచుకుంది.

"వద్దన్నాను కదా. పెంచుకుంటాను, అలవాటవుతుంది, తర్వాత అదీ పోతుంది. అప్పుడు నేనేమవ్వాలి?" అని మళ్లీ తలుపు మూసింది.

తంగేడి చిన్నదాన్ని నోట కరుచుకోబోయింది. చిన్నది మాత్రం గుమ్మం బయట కూర్చుంది. "అమ్మా, నువ్వు వెళ్లు. నేనిక్కడ కూర్చుంటాను," అంది.

"తోడేలు వస్తే?"

"అరుస్తాను. పెద్దన్న వస్తాడు."

తంగేడి పది అడుగులు వేసి వెనక్కి చూసింది. మళ్లీ పది అడుగులు వేసి మళ్లీ చూసింది. ఏ తల్లి కాళ్లు ముందుకు పడతాయి? కానీ ఆ పిల్ల ముఖంలో దిగులు లేదు. తంగేడి గుట్టెక్కింది.

చిన్నది తలుపు గీకలేదు. తిండి అడగలేదు. ఎండలో అక్కడే, మంచులో అక్కడే. ఓదెమ్మ నీళ్లకు వెళితే కాస్త దూరంగా వెనకే వెళ్లేది. తిరిగొస్తే తిరిగొచ్చేది. ఓదెమ్మ "పో" అంటే రెండడుగులు జరిగి కూర్చునేది.

చివరికి ఒకనాడు కరువు తీరి వాన మొదలైంది. వాగు చప్పుడు వినగానే ఓదెమ్మ చెవులు మూసుకుంది. పెనిమిటిని తీసుకుపోయిన చప్పుడది. తలుపు తీసి చూస్తే, చిన్నది వానలో తడుస్తూ కూర్చుని ఆమె ముఖంలోకే చూస్తోంది.

"పిచ్చిదానా, చస్తావు! లోపలికి రా," అని ఓదెమ్మ చెయ్యి చాపింది. బిగించిన వేళ్లు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. చిన్నది ఆ అరచేతిని వాసన చూసి, తన తడి తలను అందులో పెట్టింది.

తర్వాత ఏళ్లు గడిచాయి. తోడేళ్లతో పోరాడీ పోరాడీ పెద్దోడి సంతానానికి ఛాతీ వెడల్పయింది, మెడ నిండా జూలు మొలిచింది. ఒళ్లో పడుకుని ఊపిరి వినీ వినీ నడిపోడి సంతానం పొట్టిదయింది, చెవులు పెద్దవయ్యాయి. వేటగాళ్లు, పడవవాళ్లు, బండ్లవాళ్లు వచ్చి పిల్లల్ని అడిగారు. ఎవరి గుబులు ఎలాంటిదో వాళ్లింట కుక్క అలాంటిదయింది. చిన్నదాని సంతానం మాత్రం మారలేదు. ఎవరేమీ అడగకపోయినా గుమ్మం ముందు కూర్చోవడానికి ఆ పాత రూపమే చాలింది. మన వీధుల్లో తిరిగే ఊరకుక్కలు అవే.

అప్పటినుంచే కుక్కను ఎంచుకునే మనిషి రంగు గురించి, చెవుల గురించి ఎన్ని మాటలు చెప్పినా, కుక్క ఆ మాటలు వినదు. ముందు అతని అరచేతికి ముక్కు ఆనిస్తుంది.