నురగలమ్మ ముక్కుపుడక: దొండగెడ్డ రేవులో కుంకుడు నీళ్ళ ఆచారము వచ్చిన విధము

ఈ కథ నాకు మొదట చెప్పినది మా మేనత్త సూరీడమ్మ. ఆమెకు వాళ్ళ అత్తగారు చెప్పినారు. ఇద్దరూ గానుగ ఇంటి ఆడవాళ్ళు. నేను రెండో తరగతితో బడి మానినవాణ్ణి. అక్షరాలు వంకరగా ఉంటే ఉండవచ్చును గాని కథలో వంకర లేదు. మా అత్త చెప్పినదానికి ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క తీయలేదు. కలిపినవాళ్ళు, తీసినవాళ్ళు వేరే ఉన్నారు. ఆ సంగతి చివర మనవి చేస్తాను.

గోరింటవలసలో బస్సు దిగి కొండవైపు నడిస్తే దొండగెడ్డ అనే కొండవాగు వస్తుంది. గెడ్డ ఒడ్డున మోకాలెత్తు నల్లరాయి ఉన్నది. అదే నురగలమ్మ తల్లి. పసుపు ముఖము, ముక్కుకు కందిగింజంత బంగారు పుడక. గుడికి పైకప్పు లేదు, అమ్మవారు వద్దన్నదని వేయలేదు. దర్శనానికి ముందు ప్రతివారూ రాతితొట్టిలోని కుంకుడు నురగతో మోచేతుల దాకా కడుక్కోవలెను. పెళ్ళైన మగవాని చేతులు భార్యే కడగవలెను. నూనె దీపము ఒడ్డు మీద పెట్టరాదు, ముప్పై అడుగుల అవతల దీపపు బండ ఉన్నది, అక్కడ పెట్టవలెను.

ఆదివారాలలో పట్నము నుండి ఉద్యోగస్తులు కూడా పళ్ళేలు పట్టుకుని వస్తారు. ఇసక గాలించి బంగారు రజను తీయడము వారికి సరదా. పోస్టాఫీసులో పని చేసి దిగిపోయిన ఒక పెద్దమనిషి పదకొండేళ్ళుగా వస్తున్నాడు. ఇప్పటికి ఆవగింజంత తీసినాడు. అతనంత సంతోషముగా ఉన్న మనిషిని నేను ఈ చుట్టుపక్కల చూడలేదు.

పూర్వము ఇక్కడ గుడి లేదు, రేవు మాత్రమే ఉండేది. ఊరిలో సింగన్న అని గానుగ ఆడించే తెలికల ఆయన, ఆయన భార్య గవరమ్మ ఉండేవారు. వారికి తిండికి లోటు లేదు. అయినా సింగన్నకు గెడ్డలో ఇసక గాలించే సరదా పట్టుకున్నది. ఎద్దును విప్పడము ఆలస్యము, తెలగపిండి పెట్టుకునే కర్రమరిగె, అంటే లోతైన చెక్కపళ్ళెము, చంకన పెట్టుకుని రేవుకు పోయేవాడు.

ఒక మధ్యాహ్నము గానుగ పక్కన కునుకు తీస్తుండగా పసుపు ముఖముతో ఒక ఆమె కలలోకి వచ్చినది. "సింగన్నా, నేను మీ రేవులోనే ఉన్నాను. నా ముక్కు బోసిగా ఉన్నది. ఈ ఇసకలో నీ చేత్తో గాలించిన బంగారముతో పుడక పెట్టు. ఏరువాక పున్నమి దాటితే కొత్తనీటితో కిందికి పోతాను" అన్నది. రేవులో ఎక్కడ అని అడిగేలోపల ఎద్దు ఆగిపోయి ఆయనకు మెలకువ వచ్చినది.

పున్నమికి నలభై రోజులున్నవి. తల్లి ఊరు విడిచి పోతుందేమోనని సింగన్నకు అన్నము సహించలేదు. కల సంగతి చెప్పితే గవరమ్మ, "ముక్కు బోసిగా ఉన్నది నాకూను. నా కలలోకి ఎవరూ రాలేదు" అని చీపురు అందుకున్నది.

సింగన్న రోజూ గాలించినాడు. ఇసక పోయి అడుగున నల్లమన్ను మిగిలేది. దాని మీద రజను పుప్పొడిలాగ మెరిసేది. ఆ మెరుపు చూసి మరిగె వంచేసరికి రజను నీటి మీదికి లేచి, పొట్టులాగ తేలి, అంచు దాటి పోయేది. చేత్తో ఆపబోతే చేతి పక్కనుండి పోయేది. మిగిలిన నల్లమన్నులో ఇంకా కాస్త రజను ఉండకపోతుందా అని పారేయక కుండలో పోసి దాచుకున్నాడు.

ఆ రేవులోనే బతుకుతెరువుకు గాలించేవాళ్ళు ఉండేవారు. వారి పెద్ద బోడన్న. వారికీ సన్న రజను కొంత తేలిపోయేది. అది గంగమ్మ వాటా అని వదిలేసేవారు. బోడన్న ఒడ్డున కూర్చుని, "బావా, నువ్వు గెడ్డకి తలంటు పోస్తన్నావు. నూనె పెట్టడం అయిందా, ఇంకా ఉందా?" అని నవ్వేవాడు. ఒకరోజు జాలిపడి, చిటికెడు రజను ఇస్తాను, పుడక చేయించు, ఎవరికి తెలుస్తుంది అన్నాడు.

"అడిగినావిడికి తెలస్తాది" అన్నాడు సింగన్న.

ఏరువాక పున్నమి వచ్చినది. కొండ మీద మబ్బు దిగినది, గెడ్డ పైభాగములో నీరు ఎర్రబడినది. గవరమ్మ తలంటుకోవడానికి రేవుకు వచ్చి, ఎప్పుడూ కుంకుళ్ళు కొట్టే రాతి మీదనే కొట్టి నురగ తీసుకుంటున్నది. చూస్తే మొగుడు ఖాళీ మరిగె ముందర పెట్టుకుని కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆమె మరిగె లాక్కుని చెంబెడు నీళ్ళు పోసినది. నీళ్ళు చెక్కకు అంటక ముత్యాల్లాగ విడిపోయి దొర్లినవి.

"ఏటయ్యా ఈ జిడ్డు? దీన్లో నీళ్ళే నిలబడ్డం లేదు, బంగారం ఏటి నిలబడతాది? ఏవీ ఆ చేతులు?"

మరిగెను నురగతో తోమినది. తరువాత మొగుడి చేతులు మోచేతుల దాకా తోమినది. బోడన్నవాళ్ళు పని మాని చూసినారు. సింగన్న దాచిన నల్లమన్ను తెచ్చి మరిగెలో పోసి, మిగిలిన కుంకుడు నీళ్ళు నాలుగు చుక్కలు కలిపి ముంచినాడు. తేలవలసిన రజను మునిగినది. వంచినాడు, కదలలేదు. ఇంకా వంచినాడు. పసుపు గీత గీసినట్టు అడుగున అంటుకుని ఉన్నది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి కుండ ఖాళీ అయినది, కందిగింజంత రజను చేరినది. తడివేలితో అద్ది ఆకులో పెట్టుకుని కంసాలి ఇంటికి పరుగెత్తినాడు. వెలిగారము వేసి కరిగించి కంసాలి పుడక చేసి ఇచ్చినాడు.

పుడక తెచ్చినాడు గాని పెట్టవలసిన ముక్కు ఏది? కొత్తనీరు రేవు అంచు దాకా వచ్చినది. ఊరంతా వెతుకుతుంటే గవరమ్మ, నురగ ఎండిపోతుందని తన కుంకుళ్ళ రాతిని కడిగినది. చెంబెడు నీళ్ళకు కళ్ళు కనిపించినవి. రెండో చెంబుకు ముక్కు, ముక్కుకు సన్నని బెజ్జము.

"తల్లీ, ఇన్నాళ్ళూ నీ నెత్తి మీదా కుంకుళ్ళు కొట్టినాను" అని గవరమ్మ చెంపలు వేసుకున్నది.

సింగన్న పుడక ఆమె చేతికే ఇచ్చినాడు. ఆమె పెట్టినది. కొత్తనీరు రాతి పాదము దాకా వచ్చి పక్కకు తిరిగిపోయినది. రాయి నవ్వినదని కొందరు చెప్తారు. నవ్వలేదు, ఊరు విడిచి పోలేదు, అంతే అని మా అత్త చెప్పేది. మరునాడు గవరమ్మ కలలోకే వచ్చి, "తలంటు బాగున్నది. ఏటేటా నువ్వే పొయ్యి. నూనె మాత్రము వద్దు" అన్నదట.

అందుచేత ఏరువాక పున్నమినాడు అమ్మవారికి కుంకుడు నురగతో అభిషేకము జరుగుతుంది. మొదటి చెంబు గానుగ ఇంటి కోడలిది. గాలించినవారు దొరికిన రజనును తడివేలితో పుడకకు అద్ది దండము పెట్టుకుంటారు. చేతికి వచ్చి జారిపోయే పనులు, తప్పిపోయే సంబంధాలు ఇక్కడ మొక్కుకుంటే నిలుస్తాయి. మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకుని వచ్చి, చేతులు కడిగేసరికి నవ్వుకుని పోవడము నేను చాలాసార్లు చూసినాను.

ఇక చివరి సంగతి. ఇరవై రెండేళ్ళ క్రితము బోడన్న వంశమువారు మెట్లు కట్టించి బోర్డు పెట్టినారు. మెట్లు బాగున్నవి, కాదనను. బోర్డు మీద మాత్రము "బోడన్నగారు కుంకుడు కిటుకు నేర్పగా సింగన్న భక్తుడు బంగారము తీసెను" అని రాయించినారు. బోడన్న నేర్పినది నవ్వడము ఒక్కటే. గవరమ్మ పేరు ఎక్కడా లేదు. మూడుసార్లు వెళ్ళి చెప్పినాను, మూడుసార్లూ మజ్జిగ ఇచ్చి పంపినారు. అప్పటినుంచి వారింట మజ్జిగ ముట్టలేదు.

ఈ పుస్తకము చదివిన పెద్దలెవరైనా ఆ బోర్డు సరి చేయించవలెనని కోరుతున్నాను. ఆమె పేరు నాలుగే అక్షరాలు, రంగు డబ్బా నేను కొనిస్తాను. రాసేవాని చేతులు మాత్రము ముందు కుంకుడు నురగతో కడిగించండి. ఆ పేరు ఒకసారి జారిపోయినది చాలు.