సగం సగం తాంబూలం

ఏడుగుట్టల దుర్గాన్ని ఏలే సింగమరాజుకు ఆ వానాకాలం యుద్ధాలు లేక, పొద్దుపోక, వేషాలాట పిచ్చి పట్టుకుంది.

ఆట సులువే. అడవులూ కోటలూ గీసిన గుడ్డ నేలమీద పరుస్తారు. తలా ఒక కొయ్యబొమ్మ ఎంచుకుని, ఆ బొమ్మ తామే అయినట్టు మాట్లాడతారు. గోడ దూకుతానని చెప్పుకుంటే చాలదు, పాచికలు కూడా ఒప్పుకోవాలి. రాజుగారు రాక్షసుడు. బానపొట్ట మంత్రిగారు గంధర్వుడు. సేనాపతి యక్షుడై, అప్పటికే గుడ్డమీది బావిలో ఒకసారి పడి లేచాడు.

రాజుగారి కూతురు కుందమ మాత్రం ఉన్న బొమ్మలేవీ వద్దంది. తల్లి గంధర్వకాంత, తండ్రి రాక్షసుడు అయిన పిల్లగా ఆడతానంది. కింశుక అని పేరు కూడా పెట్టేసుకుంది.

దాంతో సభ చీలిపోయింది. అలాంటి పిల్ల చూడ్డానికి ఎలా ఉంటుంది? నడుము పైన గంధర్వకన్య, కింద రాక్షసి అన్నాడు మంత్రి. అచ్చం రాక్షసిలాగే చెక్కి, చెవులు మాత్రం కాస్త సొగసుగా తీర్చితే సరిపోతుందన్నాడు సేనాపతి. వెనక నుంచి ఎవరో చారలు వేయమన్నారు. పన్నులు పెంచినప్పుడు కూడా ఆ సభలో అంత వాదన జరగలేదు.

రాజుగారు విసిగిపోయి, తేల్చే పని ఆస్థాన చిత్రకారుడు శరభయాచార్యులకు అప్పగించారు.

ఆచార్యులవారు తాను గీసిన బొమ్మను తానే కాసేపు మెచ్చుకుని, తర్వాత సభకు చూపించారు. పాపిట నుంచి కాలి బొటనవేలిదాకా నిలువుగా ఒక గీత. ఎడమవైపు పసిమి ఛాయ, జడలో పూలు. కుడివైపు కారునలుపు, ఒక కోర, ఒక కొమ్ము.

"ఇద్దరి బిడ్డ అన్నాక ఇద్దరికీ సమాన వాటా ఉండాలి" అన్నారాయన. "ఒకరిది ఒకరిలో కలిస్తే అది సంకరం, శాస్త్రం కాదు."

ఈ పిల్ల ఏ కాలు ముందు పెట్టి నడుస్తుందని సేనాపతి అడిగాడు. అది చిత్రకారుడి బాధ్యత కాదన్నారు ఆచార్యులవారు.

రాజుగారి పక్కన అడపం, అంటే తాంబూలపు సంచి, పట్టుకుని నిలబడ్డ బయ్యన బొమ్మను చూడలేదు, కుందమను చూశాడు. రోజంతా తమలపాకులు అందించడమే ఉద్యోగమైనవాడికి ముఖాలు చూడ్డానికి బోలెడు తీరిక. కుందమ తల్లి కళింగ దేశపు ఆడపడుచు. చుట్టాలు ఎవరొచ్చినా కుందమ గడ్డం పట్టుకుని, ముక్కు మా వాళ్లదంటే నుదురు మా వాళ్లదని పంచుకునేవారు. పంచుకోగా మిగిలిందేదైనా ఉంటే అది కుందమ.

"నాన్నగారూ, అది కింశుక కాదు" అంది ఆ పిల్ల మెల్లగా. "అదే అయితే నేనిక ఆడను."

రాజుగారి ప్రాణం ఉసూరుమంది. కానీ అడిగి మరీ చెప్పించుకున్న తీర్పు ఎలా కాదంటారు? ఆ సభలో ఒక ఆచారం ఉంది. తీర్పు చెప్పినవాడు రాజుగారి తాంబూలం అందుకుని నోట పెట్టుకుంటే, ఆ మాట ఖాయం. ఇక తిరుగుండదు.

"ఒరేయ్ బయ్యా, ఆచార్యులవారికి తాంబూలం ఇవ్వు" అన్నారు రాజుగారు, కూతురివైపు చూడకుండా.

బయ్యన ఎంతో వినయంగా వెండిపళ్లెం సర్దాడు. ఎడమవైపు ఒక తమలపాకు. కుడివైపు దానికి సరిజోడుగా ఉసిరికాయంత సున్నం ముద్ద. మధ్యన పైనుంచి కిందికి, గీత గీసినట్టు వక్కపలుకులు.

ఆచార్యులవారు పళ్లెం వంక చూశారు. సున్నం వంక ఇంకోసారి చూశారు.

"ఇదేమిటోయ్?"

"తాంబూలం స్వామీ. తమరి శాస్త్రం ప్రకారం కట్టాను. ఆకు ఎడమ దవడన, సున్నం కుడి దవడన పెట్టుకోండి. ఒకటి ఒకదానిలో కలిసిందా, సంకరమైపోతుంది."

"నోరు పొక్కి చావనా? ఆకుకు గోరంత సున్నం రాసి, వక్క చేర్చి నమలాలి. అన్నీ కలిస్తేనే కదా అది తాంబూలం!"

"చిత్తం. కలిస్తే ఏ రంగొస్తుంది స్వామీ?"

"ఎరుపు. అదీ తెలియకుండా అడపం మోస్తున్నావా?"

"ఆకు పచ్చన, సున్నం తెల్లన. ఆ ఎరుపు మరి ఎవరి పోలిక?"

"ఎవరి పోలికా కాదు. దానిది దానిదే" అన్నారు ఆచార్యులవారు చిరాగ్గా.

అనేశాక సభంతా కుందమవైపు ఎందుకు తిరిగిందా అని చుట్టూ చూశారు. చూస్తూ చూస్తూ ఉండగా ఆయనకే అర్థమైంది.

బయ్యన అప్పటికే లేత ఆకుకు పద్ధతిగా సున్నం రాసి, వక్క పెట్టి, చిలక చుట్టేశాడు. దాన్ని రెండు చేతులా ఆచార్యులవారి ముందు పట్టాడు.

"ఇదిగో స్వామీ, ఇప్పుడు చెప్పిన తీర్పుకు తాంబూలం."

రాజుగారి తాంబూలం నిండుసభలో కాదంటే రాజద్రోహం. పుచ్చుకుంటే మాట ఖాయం. పైగా ఆ చిలక ఘుమఘుమలాడుతోంది. ఆచార్యులవారు కళ్లు మూసుకుని నోట్లో పెట్టుకున్నారు.

ముందు రాజుగారికే నవ్వు ఆగలేదు. తొడ చరుచుకుని నవ్వి, తన వేలి ఉంగరం తీసి బయ్యన వేలికి తొడిగి, ఆటలో తన పక్కనే చోటిచ్చారు. కింశుక బొమ్మకు రంగులు వేసే పని ఆచార్యులవారిదే, ఎలా ఉండాలో చెప్పేది మాత్రం కుందమ అని ఆజ్ఞ వేశారు.

కుందమ వచ్చి ఆచార్యులవారి ఎదుట బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ముందు పెద్దగా నవ్వుతున్నట్టు వేయండి" అంది. "మిగతాది తర్వాత ఆలోచిద్దాం."

సభంతా గొల్లుమంది. ఆచార్యులవారు కాసేపు బిగబట్టుకున్నారు గానీ, చివరికి ఆయనా నవ్వేశారు, ఎర్రగా.