ఉప్పుపాలెం పంతులమ్మ

ఒకానొక రాజ్యంలో, సముద్రపుటొడ్డున ఉప్పుపాలెం అనే పేట ఉండేది. అక్కడ మాచమ్మ అనే పంతులమ్మ ఉప్పుమడుల గట్టు మీద బడి నడిపేది. పలకలు కొనే స్తోమత ఎవరికీ లేదు. పరిచిన ఉప్పు మీదే పిల్లలు వేలితో అక్షరాలు దిద్దేవారు.

ఆ సంగతి రాజగురువు సర్వజ్ఞభట్టుకి కంటగింపైంది. నిండు సభలో లేచాడు.

"ప్రభూ! చదువన్నది రక్తంలో ఉండాలి. గురువు ఎవరైతేనేం? ఉప్పు మోసేవాళ్లకి బడి దండగ."

గజవర్మ మహారాజు మీసం దువ్వాడు. "నిజమే! రేపే ఆ బడి మూయించండి."

సభలో జక్కసాని అనే మాటకారి ఉండేది. రాజును నవ్వించడం ఆమె ఉద్యోగం. ఆమె చేతులు జోడించింది.

"చిత్తం. ఒక్క సందేహం, ప్రభూ. గురువు ఎవరైనా ఒకటేనా?"

"ఒకటే అన్నాంగా!"

"అయితే మూడు నెలలు మాచమ్మ యువరాజుకి చదువు చెబుతుంది, భట్టుగారు ఉప్పుపాలెంలో చెబుతారు. ఆ తర్వాతే బడి మూయిద్దాం. ఎటూ తేడా రాదు కదా!"

భట్టు ముఖం పాలిపోయింది. నిండు సభలో అన్న మాట, రాజు వెనక్కి తీసుకోలేకపోయాడు.

యువరాజుకి పదకొండేళ్లు. సొంత పేరు కూడా తప్పు రాసేవాడు. ఏం రాసినా భట్టు "భేష్ బాబూ, భేష్!" అనేవాడు. యువరాజును తప్పుపట్టే ధైర్యం ఎవరికుంది?

మాచమ్మకుంది. మొదటి రోజే అంది: "తప్పు నాయనా. మళ్లీ రాయి."

పిల్లవాడు బిత్తరపోయాడు. ఏడ్చాడు. మళ్లీ రాశాడు. మూడు నెలలు తిరిగేసరికి ఒక రైతు అర్జీని సభలో గడగడా చదివేశాడు. రాజు కళ్లు చెమర్చాయి.

అక్కడ ఉప్పుపాలెంలో భట్టు రోజూ రెండు శ్లోకాలు చదివి కునుకు తీసేవాడు. బడి సగం ఖాళీ. చక్కగా చదివే పిల్లలు కూడా మళ్లీ ఉప్పు తట్టలు ఎత్తుకున్నారు.

"మాచమ్మా, ఇకమీదట నువ్వు కోటలోనే ఉండు!" సభలో అన్నాడు రాజు.

జక్కసాని అడ్డుపడింది. "అదేమిటి ప్రభూ? గురువు ఎవరైనా ఒకటే అన్నారుగా! భట్టుగారున్నారు, చాలదూ?"

"ఆమె వేరు, ఆయన వేరు!"

"అద్దీ! అయితే ఉప్పుపాలెం పిల్లలకి తక్కువైంది రక్తం కాదు, గురువు. ఉన్న ఒక్క గురువునూ మనం లాక్కుంటే వాళ్లేమైపోవాలి?"

రాజు గొంతు తగ్గింది. "మరి మా అబ్బాయి సంగతో?"

"యువరాజుగారికి కాళ్లున్నాయి కదా, ప్రభూ! బడికి నడిచి వెళ్తారు."

రాజు ఒక్క క్షణం కళ్లెర్రజేశాడు. ఆపైన సింహాసనం అదిరేలా నవ్వాడు. బడి మూయించే ఆజ్ఞ అక్కడికక్కడే రద్దు చేశాడు. తన మెడలోని ముత్యాలహారం తీసి జక్కసానికిచ్చాడు. ప్రతి పేటకూ ఒక బడి కట్టించాలనీ, పంతుళ్లను మాచమ్మే పరీక్షించి ఎంచాలనీ శాసనం చేశాడు.

"మరి నేనో, ప్రభూ?" భట్టు నీళ్లు నమిలాడు.

రాజు మాచమ్మ వైపు చూశాడు.

"మీరూ రండి భట్టుగారూ," అందామె. "వెనక వరుసలో చోటుంది. కునుకు మాత్రం కుదరదు!"